మీ ఊరి చెరువు మీద పక్షుల లెక్క రాయడం ఎలా

దసరా నాడు జమ్మి చెట్టుకు మొక్కి, పాలపిట్టను చూడటానికి ఊరి బయటికి నడవడం మనకు తాతల నాటి అలవాటు. చిన్నపిల్లలను భుజాల మీద ఎక్కించుకొని కరెంటు తీగలన్నీ వెతుకుతారు. "అగో, అగో" అని ఒకరు చూపిస్తే పదిమంది తలెత్తుతారు. కాబట్టి ఊరంతా కలిసి పక్షిని చూడటం తెలంగాణ పల్లెకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఏడాదికి ఒక్కరోజు చేసే పనిని నెలకు రెండుసార్లు చెయ్యాలి, చూసింది రాసి పెట్టుకోవాలి. ఆ రెండే మనం చేర్చుకోవాల్సినవి.

ఎందుకు రాయాలంటే, ఆ పాలపిట్టే ఇప్పుడు దేశమంతటా తగ్గిపోతోంది. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించి, 178 జాతుల మీద ముందుగా శ్రద్ధ పెట్టాలని చెప్పింది. 30 శాతం, అంతకన్నా ఎక్కువ తగ్గాయని చెప్పిన పక్షుల్లో మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా ఉంది. ఆ నివేదికకు ఆధారం 30 వేలమందికి పైగా పక్షుల ప్రేమికులు ఎవరి ఊళ్లో వాళ్లు రాసిన లెక్కలే. మన పల్లె చెరువుల లెక్క కూడా అందులో చేరాలి.

నేను సిద్దిపేట జిల్లాలో ఒక పల్లెలో బ్రాంచి పోస్టాఫీసు చూసుకుంటాను. పింఛన్ల కోసం, పొదుపు ఖాతాల కోసం ఊళ్లో అందరూ నా గడప తొక్కేవాళ్లే. మా ఊరి పక్షుల పుస్తకం కూడా పోస్టాఫీసులోనే, పాస్‌బుక్కుల పక్కన ఉంటుంది. మేం చేస్తున్న పద్ధతి ఉన్నదున్నట్టు చెప్తాను. మీ చెరువుకు తగ్గట్టు మార్చుకోండి.

ముందు చెరువు మనుషుల దగ్గరికి వెళ్లండి

చాలామంది ముందు బైనాక్యులర్స్ కొంటారు. నన్నడిగితే మొదటి నెల అసలు ఏమీ కొనొద్దు. చెరువుతో బతికేవాళ్ల దగ్గర కూర్చోండి. తూము తిప్పే నీరటి, వల వేసే ముదిరాజులు, బెస్తలు, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో గొర్లు మేపే వాళ్లు, తాళ్లెక్కే గౌడన్నలు, వీళ్లకు పక్షుల సంగతి మనకంటే ఎంతో ఎక్కువ తెలుసు. వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఏ పిట్ట ఏ కాలంలో వస్తుంది? ఎక్కడ గూడు పెడుతుంది? ఇదివరకు ఉండి ఇప్పుడు కనిపించనిది ఏది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విలువైనది. దాన్ని చెప్పినవాళ్ల వయసుతో సహా రాసుకోండి. వాళ్ల చిన్నతనం ఏ కాలమో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇది పెద్దలను గౌరవించడం కోసం మాత్రమే చెప్పడం లేదు. కడప జిల్లా లంకమల అడవుల కలివి కోడి సంగతి తీసుకోండి. 1900 తరవాత అది శాస్త్రవేత్తల కంట పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు పట్టుకొని పల్లెపల్లెకూ తిరిగి అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో ఆ పక్షిని పట్టి చూపించాడు. అది రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరిగే పక్షి. రాత్రిపూట అక్కడ తిరిగే మనిషికే అది తెలిసింది.

చేపల సొసైటీ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక భయం తప్పకుండా వస్తుంది. "పక్షులు ఎక్కువున్నాయని రాస్తే చెరువును సాంక్చువరీ (అభయారణ్యం) చేసి మా వలలు ఆపేస్తారా?" అని మా దగ్గర అడిగారు. అది న్యాయమైన భయం. దాన్ని నవ్వి దాటెయ్యకండి. సాంక్చువరీ ప్రకటించేది ప్రభుత్వం, దానికి పెద్ద ప్రక్రియ ఉంటుంది, మన నోటుబుక్కుతో అది జరగదు అని విడమర్చి చెప్పండి. తరవాత మొదటి నడకకు సొసైటీ అధ్యక్షుణ్ణే ముందు నడవమనండి. మా అధ్యక్షుడు ఇప్పుడు ప్రతి లెక్కకూ తెప్ప ఇస్తాడు. చెరువు మధ్య దిబ్బ మీద ఏముందో మాకు తెలిసేది ఆయన వల్లే.

నీటికాకుల గొడవ కూడా దాచాల్సింది కాదు. చేపపిల్లలు వదిలిన వారంలో నీటికాకులు గుంపుగా దిగితే సొసైటీకి నిజంగానే నష్టం. పటాకులు పేలిస్తే అన్ని పక్షులూ లేచిపోతాయి, నీటికాకులు మాత్రం గంటలో మళ్లీ వస్తాయి. మేం సొసైటీవాళ్లతో కలిసి చేసింది ఏమిటంటే, పిల్లలు వదిలే మూలలో తుమ్మకంప కొట్టి నీళ్లలో పరిచాం. చేపపిల్లలకు దాక్కునే చోటు దొరికింది. పైన సన్న నైలాన్ వల కప్పితే పక్షులు చిక్కుకొని చస్తాయి. దాని బదులు దూరానికి కనిపించే లావు తాళ్లు అడ్డంగా కట్టి, వాటికి మెరిసే రిబ్బన్లు వేలాడదీశాం.

ఒకే దారి, ఒకే వేళ

లెక్కకు ప్రాణం ఇదే. ప్రతిసారీ అదే దారిలో, దాదాపు అదే సమయానికి, అంతే సేపు నడవాలి. ఒకసారి కట్ట మీద, ఇంకోసారి శిఖంలో, మరోసారి ఎవరి బావి దగ్గరో చూస్తే, తరవాత సంవత్సరం దేన్ని దేనితో పోల్చాలో తెలియదు. మా దారి తూము దగ్గర మొదలై కట్ట మీదుగా మత్తడి (అలుగు) దాకా, అక్కణ్నుంచి శిఖం అంచున కట్ట మైసమ్మ గుడి వెనకకు. నెమ్మదిగా గంటన్నర పడుతుంది.

దారి ఎంచుకునేటప్పుడు సూర్యుణ్ణి చూసుకోండి. పొద్దున సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. ఎదురు ఎండలో నీళ్ల మీద ఉన్న ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది, బాతుకూ బొల్లికోడికీ తేడా తెలియదు. పొద్దు పొడిచిన అరగంటకు మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. ముదురు రంగు బట్టలు మంచివి. తెల్ల చొక్కా, సెల్‌ఫోన్ పాటలు, కుక్కను తీసుకురావడం వద్దు. పదిమంది కన్నా ఎక్కువైతే రెండు జట్లుగా విడిపోండి.

అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పక్షులుంటాయి కాబట్టి అందరికీ ఉత్సాహం ఉంటుంది. సూది తోక బాతులు, చెంచామూతి బాతులు, అదృష్టముంటే తల మీద రెండు నల్ల పట్టీలున్న పెద్దబాతులు కూడా దిగుతాయి. ఆ పెద్దబాతులు మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చి, మన దక్కను చెరువుల పక్కన పంటచేలల్లో మేస్తాయి. పిల్లలకు ఈ మాట చెప్పి చూడండి, మరుసటి నడకకు ఎవరూ లేపక్కర్లేదు.

కానీ ఎండాకాలంలో, వానాకాలంలో పుస్తకం మూసెయ్యకండి. మన సొంత పక్షులు గూళ్లు పెట్టేది ఎక్కువగా అప్పుడే. ఏప్రిల్ నుంచి కోయిల కాకిగూళ్ల చుట్టూ తిరుగుతుంది. తీతువు ఎండిన శిఖంలో గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. తొలకరితో పాటు నలుపు తెలుపు చాతకం వస్తుంది, అది మొదట కనిపించిన తేదీని ప్రతి ఏడూ రాస్తే వానల లెక్క పక్కన పెట్టి చూసుకోవచ్చు. వరి ఆకు ఎదిగాక గిజిగాళ్లు తాటిమట్టలకు అల్లకం మొదలుపెడతాయి. జూన్, జులై నడకలకు మా జట్టులో మనుషులు తగ్గుతారు, నాట్ల పని ఉంటుంది కదా. అప్పుడు ఇద్దరమే అయినా వెళ్తాం.

గుర్తుపట్టడం

ముందు రంగు చూడకండి. రంగు వెలుతురును బట్టి మోసం చేస్తుంది. సైజుతో మొదలుపెట్టండి: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, గద్దంతా? తరవాత ముక్కు ఎలా ఉంది, కాళ్లు పొడవా పొట్టా, తోక చీలిందా, ఏం చేస్తోంది, ఎక్కడుంది. రంగు చివర రాయండి. "కాకికన్నా చిన్నది, నల్లగా, తోక చేపతోకలా చీలింది, బర్రె మీద కూర్చుంది" అంటే చూడని మనిషి కూడా పసులపోలిగాడు అని చెప్పేస్తాడు.

మన చెరువుల మీద మొదట తికమక పెట్టేవి తెల్లకొంగలు. అన్నిటినీ "కొంగలు" అని ఒకే గీతలో రాసెయ్యకండి, కాస్త ఓపిక పడితే విడిపోతాయి. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, పాదాలు మాత్రం పసుపుగా ఉంటే అది చిన్న తెల్లకొంగ. పశువుల వెంట, ట్రాక్టరు వెంట తిరిగేది, పసుపు ముక్కుతో పొట్టిగా ఉండేది పశుల కొంగ, గూళ్ల కాలంలో దాని తలా మెడా నారింజ రంగుకు తిరుగుతాయి. అన్నిటికన్నా ఎత్తుగా ఉండి, నోటి గీత కంటిని దాటి వెనక్కి పోతే పెద్ద తెల్లకొంగ. ఈ మూడూ కానిది మధ్యరకం. గట్టున కదలకుండా మట్టిరంగులో కూర్చొని, ఎగిరినప్పుడు హఠాత్తుగా తెల్లరెక్కలు విప్పేది గుడ్డికొంగ, దాంతో అందరూ ఒకసారి ఉలిక్కిపడతారు.

లకుముకి పిట్టల్లో మూడు రకాలు చూస్తాం. గోధుమ పొట్ట, తెల్ల గొంతు, నీలం వీపు ఉన్నది నీళ్లకు దూరంగా కూడా, పొలం మధ్య తీగ మీద ఉంటుంది. నలుపు తెలుపుది నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువుగా దూకుతుంది. పిచ్చుకకన్నా కాస్త పెద్దగా, నీలంగా మెరుస్తూ నీళ్లను ఆనుకొని బాణంలా పోయేది చిన్నది. తీతువుల్లో ముక్కు దగ్గర ఎర్రగా ఉన్నది నీళ్ల పక్కన, పసుపుగా ఉన్నది ఎండిన దుక్కిలో కనిపిస్తాయి. పసుపు తీతువు మన ఉపఖండంలో తప్ప ఎక్కడా లేదు. మా వాళ్లు మొదట దాన్ని పట్టించుకునేవాళ్లు కాదు, ఈ సంగతి తెలిశాక దాని గుడ్లున్న చోట దుక్కి దున్నేటప్పుడు ఒక మూల వదిలిన రైతు ఉన్నాడు.

ఊరి పేర్లు మానకండి. నల్లంచి, గిజిగాడు, జెముడుకాకి, బుడుబుంగ, ఇవన్నీ పుస్తకంలో మొదటి గడిలో రాయండి. కాకపోతే ఒకే పేరు రెండు మూడు పిట్టలకు ఉన్నప్పుడు పక్కన గుర్తు చేర్చాలి. మా ఊళ్లో నీటికోడి అంటే నుదుట తెల్లబొట్టున్నదీ, ఎర్రబొట్టున్నదీ, నీలంగా పెద్దగా ఉన్నదీ మూడూ అవుతాయి. మేం తెల్లబొట్టు నీటికోడి, ఎర్రబొట్టు నీటికోడి, నీలం నీటికోడి అని రాస్తాం.

నెల గడిచాక, మనుషులు నిలబడతారని నమ్మకం కలిగాక, అందరూ కలిసి ఒక బైనాక్యులర్స్ కొనండి. దాని మీద 8x42 అని ఉన్నది తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెప్తుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఎక్కువ రెట్లుంటే మంచిదని 20x కొంటే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లూ పెరిగి ఏమీ నిలబడదు. వాడేటప్పుడు ముందు మామూలు కళ్లతో పక్షిని పట్టుకోండి, చూపు దాని మీద నుంచి తియ్యకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. అద్దాల్లోంచి వెతకడం మొదలుపెడితే కొమ్మలు తప్ప ఏమీ దొరకవు.

ఫోన్లో మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, మన దేశపు పక్షుల ప్యాక్ ముందే దించుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. కూత విని కూడా పేరు చెప్తుంది. పిల్లలకు అది చాలా ఇష్టం. మా నియమం మాత్రం ఒకటే: యాప్ చెప్పిన పేరును మన కళ్లతోనో, ఆ కూత బాగా తెలిసిన మనిషి చెవితోనో నిర్ధారించుకున్నాకే పుస్తకంలోకి ఎక్కించాలి.

లెక్క రాయడం

పుస్తకంలో ప్రతి నడకకు ఒక పేజీ. పైన తేదీ, మొదలైన వేళ, ముగిసిన వేళ, ఎంతమంది, మబ్బా ఎండా, చెరువులో నీళ్లు ఎంత. నీళ్ల మట్టం తప్పకుండా రాయాలి, తూము రాళ్లలో ఎన్నో రాయి దాకా ఉందో మా నీరటి తాత చెప్తాడు. నీళ్లు నిండుగా ఉంటే బాతులు పెరుగుతాయి, బురద తేలితే ఉల్లంకుల్లాంటి బురదలో తినే పిట్టలు పెరుగుతాయి. మట్టం రాయకపోతే పక్షులు ఎందుకు తగ్గాయో పెరిగాయో తరవాత ఎవరూ చెప్పలేరు.

కింద పక్షి పేరు, ఎన్ని, ఏం చేస్తున్నాయి. మామూలు పక్షి అని కాకినీ గోరింకనూ వదలకండి. ఇరవై ఏళ్ల కిందట పిచ్చుక కూడా మామూలు పక్షే, అప్పుడు రాసిన ఊరు లేదు కాబట్టే మన ఊళ్లో ఎన్ని పోయాయో ఇప్పుడు ఎవరికీ తెలియదు. గుర్తుపట్టలేనిదాన్ని "తెలియదు" అని రాసి, వర్ణన రాయండి. ఊహించి పేరు పెడితే ఆ పేజీ మీద నమ్మకం పోతుంది. జట్టులో ఇద్దరికి భిన్నాభిప్రాయం ఉంటే రెండూ రాసి ఊరుకోండి.

పెద్ద గుంపు చూసి టెన్షన్ పడకండి. ముందు పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో కంటితో కొలవండి. అంత మేరలు గుంపులో ఎన్ని ఉన్నాయో చూసి హెచ్చవేయండి. ఇద్దరు విడివిడిగా చేసి చివర పోల్చుకోవాలి. గాల్లో తిరుగుతున్న గుంపు కన్నా దిగాక లెక్కపెట్టడం సులువు. మనిషి అలికిడికి లేపి లెక్కపెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, రాత్రంతా ఎగిరి వచ్చి అలసిన పక్షి ఉన్న కాస్త శక్తినీ దానికే ఖర్చుపెడుతుంది.

పుస్తకంలోది ఆ రోజే ఈబర్డ్‌లో ఎక్కించండి. ప్రపంచమంతా పక్షుల లెక్కలు ఎక్కించే ఉచిత వెబ్‌సైటు, యాప్ అది. కనీసం పదిహేను నిమిషాలు చూసిన లెక్క, గుర్తుపట్టినవన్నీ రాసిన పూర్తి జాబితా అయితే ఎక్కువ ఉపయోగం. "ఉంది" అని గుర్తు పెట్టడం కన్నా అంకె వెయ్యండి. చెరువు పేరు ఒకేలా పెట్టండి. అరుదైన పక్షో, పెద్ద అంకో రాస్తే స్వచ్ఛందంగా పరిశీలించేవాళ్లు మర్యాదగా వివరం అడుగుతారు. అది మనమీద అనుమానం కాదు, ఫొటో ఉంటే పంపండి, లేకపోతే ఎలా గుర్తుపట్టారో రాయండి.

ఏడాదిలో రెండు సందర్భాలకు మీ నడకను కలపండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల పాటు ప్రపంచవ్యాప్తంగా ఇంటి చుట్టూ పక్షుల లెక్క ఉంటుంది, బడిపిల్లలకు అది బాగుంటుంది. హైదరాబాద్‌లో 1980 నుంచి ఉన్న పక్షుల సంఘం ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. సందేహాలున్నప్పుడు అలాంటి అనుభవజ్ఞులను అడగడానికి మొహమాటపడకండి.

లెక్కతో ఏం చెయ్యాలి

ఇక్కడే చాలా ఊళ్లు ఆగిపోతాయి. ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి సంతోషపడతారు. చెరువు మీద ఏదైనా పని మొదలైన రోజున ఆ ఫొటోలు ఎవరూ చూడరు. తేదీలతో, అంకెలతో, సంతకాలతో ఉన్న పుస్తకాన్ని మాత్రం చూస్తారు.

జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ ఊళ్లో కమిటీ కాగితం మీదే ఉండి ఉండవచ్చు. సర్పంచును, పంచాయతీ కార్యదర్శిని అడిగి ఆ రిజిస్టర్‌లో మీ పక్షుల జాబితాను, గూళ్లు పెట్టే చెట్ల సర్వే నంబర్లతో సహా చేర్పించండి. గ్రామసభలో చదివించి తీర్మానం రాయించండి. చెట్లు కొట్టడానికి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలని అందరికీ గుర్తు చెయ్యండి.

చెరువులో పూడికతీత మొదలయ్యే ముందు ఇంజనీరుతో మాట్లాడాలి. మిషన్ కాకతీయ 2015లో మొదలయ్యాక ఈ పని ప్రతి ఊరికీ తెలిసిందే. పూడిక తియ్యాలి, ఆ మట్టి పొలాలకు బలం, నీళ్లూ నిలుస్తాయి. కానీ జేసీబీతో అన్ని ఒడ్లూ గోడలా నిలువుగా తవ్వితే, చీలమండ లోతు నీళ్లలో బురద పొడుచుకు తినే పక్షులకు నిలబడే చోటే ఉండదు. శిఖం వైపు ఒక ఒడ్డును ఏటవాలుగా వదలమనండి. మధ్య దిబ్బ ఉంటే దాని మీద చెట్లతో సహా ఉంచమనండి, చుట్టూ నీళ్లుంటే కుక్కలూ పిల్లులూ గూళ్ల దాకా రాలేవు. తుంగను మొత్తం పీకెయ్యకుండా ఒక మూల ఉంచితే నీటికోళ్లకు గూడు, మనకు నీటి శుభ్రత. ఈ మూడు కోరికలకూ ఖర్చేమీ లేదు, పని మొదలయ్యాక అడిగితే మాత్రం ఎవరూ వినరు.

సర్కారు తుమ్మ సంగతిలో తొందరపడకండి. అది బయటినుంచి వచ్చి పాకిన చెట్టే, కానీ గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టింది ఆ చెట్ల మీదే. మీ చెరువులో కూడా గూళ్లుంటే ముందు పక్కన నల్లతుమ్మ, కానుగ, నేరేడు పెంచండి, అవి ఎదిగాక కొంచెం కొంచెంగా తీయండి. ఊళ్లో నాటడానికి మర్రి, రావి, మేడి, జువ్వికి మించినవి లేవు. ఒక మర్రి పండితే గోరింకలు, చిలకలు, పచ్చపావురాలు, కోయిలలు అక్కడే ఉంటాయి. కోనోకార్పస్ లాంటి అలంకారపు చెట్లలో వాటికి తినడానికి ఏమీ లేదు.

తల పోయిన మొండి తాళ్లను (తాటిచెట్లను) కొట్టించకండి. పాలపిట్ట, చిలక, పగటి గుడ్లగూబ గూడు పెట్టేది వాటి తొర్రల్లోనే. పాలపిట్ట కావాలంటే మొండి తాడు కావాలి, మా ఊళ్లో ఈ మాట గౌడన్నలే అందరికీ చెప్తారు. గిజిగాడి గూళ్లను కూడా ఇంట్లో వేలాడదీయడానికి తెంపుకురాకండి, పాతవాటిలో చిన్న జీనువాయి పిట్టలు కాపురం పెడతాయి.

గూటి దగ్గర మన ప్రవర్తన వేరే ఉండాలి. దూరం నుంచి చూసి, ఒక్క నిమిషంలో జరిగిపోవాలి. మనం నిలబడిన చోటును కాకులు కనిపెడతాయి, మనం వెళ్లగానే వచ్చి గుడ్లు తింటాయి. తీతువులు అరుస్తూ తల మీదికి దూకుతున్నాయంటే మీరు గుడ్లకు దగ్గరగా ఉన్నారు, కింద చూసుకుంటూ వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. ఫొటో కోసం ఆకులు పక్కకు తొలగించడం, కూత రికార్డు వేసి పిలవడం, గూడున్న చోటును ఫోన్లో అందరికీ పంపడం, ఈ మూడూ మా జట్టులో నిషేధం.

వల పన్నేవాళ్లతో, ఉచ్చులు పెట్టేవాళ్లతో మీరు గొడవకు దిగకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను పట్టడం, అమ్మడం, గుడ్లు తియ్యడం నేరం. పంజరంలో రామచిలుక కూడా ఇందులోకే వస్తుంది. దసరాకు పాలపిట్టను పట్టి, తాడు కట్టి, ఇంటింటికీ చూపించి డబ్బులు అడిగేవాళ్లు వస్తారు. డబ్బులిచ్చి వదిలిపెట్టించినా మరో పిట్టను పడతారు. ఫొటో, స్థలం, వేళ రాసుకొని అటవీ బీటు అధికారికి ఫోన్ చెయ్యండి. ఆ నంబరు పుస్తకం అట్ట లోపల ముందే రాసి ఉంచుకోండి. మా ఊళ్లో దసరాకు ముందు బడిపిల్లలు "పాలపిట్టను చెట్టు మీదే చూద్దాం" అని డప్పు వేయించి చాటుతారు.

సంక్రాంతి అయిపోయిన మరునాడు ఒక నడకను దారాల కోసం పెట్టుకోండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. చెట్ల మీద చిక్కిన దారం నెలల తరబడి పక్షుల కాళ్లు కోస్తుంది. పొడవాటి వెదురుకు కొడవలి కట్టి దించి కాల్చకుండా చుట్ట చుట్టి పారవెయ్యాలి. చెరువు గట్టున వదిలేసిన తెగిన వలలను కూడా అప్పుడే ఏరండి. బతుకమ్మ వెళ్లిన మరునాడు ఆడవాళ్లం కట్ట దగ్గర ప్లాస్టిక్ కవర్లు ఏరతాం. పూలు నీళ్లలో కరుగుతాయి, కవర్లు కరగవు.

ఇళ్ల దగ్గర చేసేవి తేలికే. ఎండాకాలంలో వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్లు, మధ్యలో ఒక రాయి, రోజూ నీళ్లు మార్చాలి. పిల్లి దాక్కునే పొద పక్కన పెట్టకండి. అన్నం, బిస్కెట్లు వెయ్యకండి, పావురాలు పెరిగి మిగతావి వెనక్కిపోతాయి. వరి కంకుల కుచ్చు ఇంటి చూరుకు, గుడి మండపానికి వేలాడదీసే ఆచారం కొనసాగించండి. పిచ్చుక పెట్టె పెడితే ఫ్యానుకు దూరంగా, ఎనిమిది పదడుగుల ఎత్తున, రంధ్రం రెండు వేళ్లు పట్టేంత వెడల్పు చాలు. అయితే పిచ్చుక పిల్లలకు మొదటి రోజుల్లో కావాల్సింది పురుగులు. పెరటిలో మందు కొట్టి, గోడకు పెట్టె కొడితే పని జరగదు.

ఒకేచోట చాలా పక్షులు చనిపోయి కనిపిస్తే ముట్టుకోవద్దు, పిల్లలను దూరం పంపండి. ఎన్ని, ఏ రకం, ఎప్పుడు అని రాసి పశువైద్యాధికారికీ అటవీ శాఖకూ అదే రోజు చెప్పండి. 2021-22 చలికాలంలో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు గుట్టలుగా చనిపోయినప్పుడు కారణం నులిపురుగులని పరీక్షల్లో తేలింది. త్వరగా చెబితేనే పరీక్షకు పనికొచ్చే నమూనా దొరుకుతుంది.

పెద్ద గుర్తింపు కోసం ఎదురుచూడకండి. పటాన్‌చెరు దగ్గరి అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మంచి పనే, కానీ ఆ తరవాత కూడా దానికి మురుగు బాధ, ఇళ్ల ఒత్తిడి తప్పలేదు. బోర్డు పెట్టిన చెరువుకైనా, పెట్టని చెరువుకైనా నెలనెలా వెళ్లే మనుషులు కావాలి. సత్యసాయి జిల్లా వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్ల మీద, ఇళ్ల మధ్యే గూళ్లు పెడతాయి. రెట్టల వాసన భరిస్తూ, గూట్లోంచి పడిన పిల్లలను ఎత్తి చూసుకుంటూ ఆ ఊరివాళ్లు తరతరాలుగా వాటిని కాపాడుతున్నారు. వీలైతే మీ జట్టును ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. మనలాంటి పల్లెవాళ్లతో మాట్లాడి వస్తే సగం సందేహాలు తీరతాయి.

చివరిగా పుస్తకం సంగతి. పేజీ అడుగున ఆ రోజు నడిచినవాళ్లందరూ సంతకం చెయ్యాలి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. మూడు నెలలకోసారి పేజీలు జిరాక్స్ తీయించి ఒక కాపీ బడిలో, ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో ఉంచండి. రాసే బాధ్యత ఒక్కరికే వదలకండి. నేను ఏదైనా పని మీద ఊరు దాటితే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి రాస్తుంది, ఆమె పరీక్షల కాలంలో మహిళా సంఘం లీడరు రాస్తుంది. కొత్త చెయ్యి రాసిన మొదటి పేజీని పాతవాళ్లు పక్కన కూర్చొని సరిచూడాలి. ఈ నెల రెండో ఆదివారం మీ ఊళ్లో ఎవరెవరు వస్తారో అడిగి, పేర్లు ఇప్పుడే రాసుకోండి.